ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న రైలుబండ్ల మరమ్మతు కర్మాగారం. బెంగాల్ నాగపూర్ రైల్వే దీన్ని 1904లో నెలకొల్పింది. 1955 నుంచి ఆగ్నేయ రైల్వేది.

బెంగాల్ నాగపూర్ రైలుదారి వెంట ఉత్తరాంధ్ర, గంజాం తెలుగువారు పనికోసం ఇక్కడికి చేరారు. ఆ రైల్వే కార్మికుల 1928 నాటి సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడే.

ఈ కర్మాగారంలో పాత రైలుపెట్టెలను కొత్తగా నిలబెట్టడంలో రేకుపనిదే పెద్ద వాటా. పెట్టెను బోగీల (చక్రాల చట్రాల) మీంచి ఎత్తి దించి, సీట్లు, నేల పలకలు ఊడదీస్తారు. పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో 2018 దాకా తయారైన ఐ.సి.ఎఫ్. నమూనా ఉక్కు పెట్టెలకు మరుగుదొడ్ల కింద, గుమ్మాల దగ్గర తుప్పు ఎక్కువ. నీరు నిలిచేది అక్కడే. రంగు గీకి, మొనదేలిన సుత్తితో కొట్టి చూస్తారు. తుప్పు మీదే అతుకు వేస్తే అది దాగుతుందే గాని ఆగదు. అందుకే గట్టి లోహం తగిలేదాకా కోసి, ఆ వంపుకు సరిపడా కొత్త రేకు మలిచి వెల్డింగ్ చేస్తారు. ఎక్కడిదాకా కోయాలో తేల్చడమే కష్టం, అది అనుభవజ్ఞుడి చేతి పని. తర్వాత ప్రైమర్, రంగు.

ప్రయాణికులకు పనికిరాని పెట్టెలను కార్ల రవాణాకు మార్చడమూ రైల్వే వర్క్‌షాపుల్లో మామూలే: కిటికీలు రేకుతో మూసి, కార్లు లోపలికి నడిపేలా చివర వెడల్పు తలుపులు అమరుస్తారు.