బ్రేక్ పెడల్ రాయి లెక్క గట్టిపడ్డదా? ముందు పైపు చూడుర్రి

కారు బ్రేక్ పెడల్ గట్టిపడ్డదంటే, ఎక్కువసార్లు బూస్టర్‌కు వాక్యూమ్ అందుతలేదన్నట్టే. ఎంత తొక్కినా బండి జల్ది ఆగదు. అట్ల రోడ్డెక్కొద్దు.

ఇంటికాడనే పరీక్ష జేయొచ్చు. హ్యాండ్ బ్రేక్ గుంజి, ఇంజన్ బంద్ జేసి పెడల్ నాలుగైదుసార్లు తొక్కుర్రి. గట్టిపడ్డంక కాలు తియ్యకుండ స్టార్ట్ జేయుర్రి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే ఇంజన్ కెళ్లి బూస్టర్‌కు పోయే పైపు చూడుర్రి: పగిలిందా, ఊడిందా? తర్వాత చెక్ వాల్వ్, డీజిల్ బండైతే వాక్యూమ్ పంపు. తొక్కినప్పుడు బుస్సుమంటే బూస్టర్ లోపలి పొర చినిగి ఉండొచ్చు. ఇవేవీ చూడకుండ బూస్టర్ మార్చాలంటే ఒప్పుకోవద్దు. పైపుతోని పోయేదానికి వేలెందుకు?

డీజిల్ మిగులుతదని దిగుడుల ఇంజన్ బంద్ జేయొద్దు. రెండు మూడు తొక్కుళ్లకే వాక్యూమ్ అయిపోతది. పైసల కన్నా పానం పెద్దది.