ప్రకృతి, వారసత్వ వ్యాఖ్యాతలు: సూరత్ సమాధుల నుంచి డాంగ్ అడవుల దాకా

సూరత్: సూరత్ పాతనగరంలో కతార్‌గామ్ దర్వాజా సమీపాన డచ్చి, ఆర్మీనియన్ వర్తకుల సమాధుల ఆవరణ ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్న ఈ ఆవరణలో అన్నిటికంటె ఘనమైనది స్తంభాలపై రెండంతస్తులుగా లేచిన గుమ్మటం. ముందుగా తెలియనివారు దాన్ని ఏ నవాబు సమాధిగానో పొరబడే అవకాశం ఎక్కువ. అక్కడ శాశ్వత నిద్రలో ఉన్నది డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉన్నతాధికారి హెండ్రిక్ వాన్ రీడ్. 1691 డిసెంబరులో సూరత్‌కు ఓడలో వస్తూ బొంబాయి సముద్ర జలాల్లో ఆయన మరణించాడు.

వాన్ రీడ్ పేరు నేటికీ నిలిచింది కంపెనీ ఉద్యోగం వల్ల కాదు. మలబారు తీరపు మొక్కలపై ఆయన రూపొందింపజేసిన ‘హోర్తుస్ మలబారికస్’ అనే మహాగ్రంథం వల్ల. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడిన ఆ గ్రంథం 742 మొక్కలను బొమ్మలతో వర్ణించింది. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 18వ శతాబ్దంలో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టేటప్పుడు ఈ గ్రంథాన్ని ఆధారంగా వాడుకున్నాడు. అంటే సూరత్‌లోని ఒక గుమ్మటం కింద భారతీయ వృక్షశాస్త్ర చరిత్రలోని ఒక ముఖ్య అధ్యాయం ఉంది. అయితే రాయి తనంత తాను ఈ సంగతి చెప్పదు. రాతికీ చూడవచ్చిన మనిషికీ మధ్య నిలబడి, ఆధారం తప్పకుండా, ఆసక్తి చెడకుండా చెప్పగలవారు కావాలి. ప్రకృతి, వారసత్వ వ్యాఖ్యాతలు చేసే పని ఇదే.

గైడుకూ వ్యాఖ్యాతకూ తేడా

దారి చూపడం, తేదీలు చెప్పడం, జంతువు ఎదురైతే వేలు చూపించడం సాధారణంగా గైడు పని. వ్యాఖ్యాత అంతటితో ఆగడు. కళ్లెదుట ఉన్న వస్తువుకు, చూస్తున్న వ్యక్తి జీవితానికి సంబంధం కలుపుతాడు. తెలుగువారికి వ్యాఖ్యానం కొత్త విద్య కాదు. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి నేటి మెదక్ జిల్లా కొలిచెలమకు చెందినవాడని ప్రసిద్ధి. ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ఆయన పెట్టుకున్న నియమం అడవిలోనూ, కోటలోనూ మాట్లాడేవారికి ఈనాటికీ సరిపోతుంది.

ఆధునిక అర్థంలో ఈ వృత్తి అమెరికా జాతీయోద్యానాల్లో రూపుదిద్దుకుంది. కొలరాడో పర్వతాల్లో యాత్రికులకు దారి చూపిన ఎనోస్ మిల్స్, 1915లో రాకీ మౌంటెన్ జాతీయోద్యానం ఏర్పడటానికి కృషి చేసిన వారిలో ముఖ్యుడు. ప్రకృతి మార్గదర్శకుల పనిని ఒక వృత్తిగా వివరిస్తూ 1920లో పుస్తకం ప్రచురించాడు. 1957లో ఫ్రీమన్ టిల్డెన్ రచించిన ‘ఇంటర్‌ప్రెటింగ్ అవర్ హెరిటేజ్’ ఈ రంగానికి ప్రామాణిక గ్రంథమైంది. సమాచారం అప్పగించినంత మాత్రాన వ్యాఖ్యానం కాదని, వినేవారి అనుభవంతో ముడిపడని మాట నిష్ఫలమని, బోధించడం కంటె ఆలోచన రేకెత్తించడం ముఖ్యమని, పిల్లలకు చెప్పే తీరు పూర్తిగా వేరుగా ఉండాలని టిల్డెన్ సూత్రీకరించాడు. చారిత్రక స్థలాల విషయంలో అంతర్జాతీయ సంస్థ ఐకోమాస్ 2008లో ఒక అధికార పత్రాన్ని ఆమోదించింది. చెప్పే ప్రతి విషయానికి ఆధారం ఉండాలని, స్థలంతో సంబంధమున్న స్థానిక ప్రజలకు ఈ పనిలో భాగం ఉండాలని ఆ పత్రం పేర్కొంటుంది.

గుజరాత్‌లో వేళ్లూనిన విద్య

మన దేశంలో ఈ రంగానికి గుజరాత్‌తో గాఢమైన సంబంధం ఉంది. పర్యావరణ విద్యా కేంద్రం 1984లో అహ్మదాబాద్‌లో ఏర్పడింది. జాతీయోద్యానాల సందర్శక కేంద్రాల రూపకల్పన, ప్రదర్శనలు, వ్యాఖ్యాతల శిక్షణ ఈ సంస్థ కృషిలో భాగం. గాంధీనగర్‌లోని గీర్ ఫౌండేషన్ 1982లో మొదలైంది. రాజ్‌కోట్ జిల్లాలోని హింగోల్‌గఢ్‌ను ప్రకృతి విద్యా అభయారణ్యంగా తీర్చిదిద్ది, అక్కడ విద్యార్థులకు శిబిరాలు నిర్వహిస్తున్నారు. పూర్వపు జస్‌దణ్ సంస్థానపు కోట కూడా ఆ ప్రాంగణంలోనే ఉండటం వల్ల పక్షుల గురించి, చరిత్ర గురించి ఒకే నడకలో చెప్పే వీలుంది. కట్టడాల విషయానికి వస్తే, అహ్మదాబాద్ పురపాలక సంస్థ 1997లో వారసత్వ నడకను ప్రారంభించింది. ఆ పాతనగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందింది.

పులుల సంరక్షణ కేంద్రాల్లో ఈ పనికి నియమబద్ధత కూడా వచ్చింది. సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012లో పర్యాటక మార్గదర్శకాలు వెలువరించింది. గైడ్లు, వాహన చోదకులు వ్యాఖ్యానంపైన, నియమాలపైన స్వల్పకాలిక శిక్షణ పొంది, మౌఖిక పరీక్షలో నెగ్గిన తరువాతే అటవీ శాఖ ధ్రువీకరణ ఇవ్వాలని వాటిలో నిర్దేశించారు.

సూరత్ చెప్పవలసిన కథ

సూరత్ అంటే నేడు వజ్రాల సాన, కృత్రిమ పట్టు గుర్తుకు వస్తాయి. కాని నగరం నడిబొడ్డున తాపీ నది ఒడ్డునున్న కోట పోర్చుగీసు దాడుల నుంచి రేవును కాపాడేందుకు 1540–1546 మధ్య గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ కాలంలో ఖుదావంద్ ఖాన్ కట్టించినది. 1573లో నగరం అక్బరు వశమైంది. 1613లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పారు. ఛత్రపతి శివాజీ 1664లో, 1670లో ఈ సంపన్న రేవుపై దాడి చేశాడు. 1644లో యాత్రికుల కోసం నిర్మించిన ముగలీసరాయి నేడు నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం.

ఆంగ్లేయుల శ్మశానవాటికలో 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెన్, 1669లో మరణించిన అతని సోదరుడు సర్ జార్జ్ ఆక్సెండెన్ సమాధులు మొగలు వాస్తు ఛాయలతో కనిపిస్తాయి. బతికినంత కాలం వ్యాపారంలో పోటీపడిన రెండు కంపెనీలు సమాధుల వైభవంలోనూ పోటీపడ్డాయని సూరత్‌లో చెప్పుకుంటారు. ఈ మాట వినేవారిని ఆకట్టుకుంటుంది. అయితే ప్రచారంలో ఉన్న కథను ప్రచారంగానే చెప్పడం, రుజువైన సంగతిని రుజువైనట్లు చెప్పడం వ్యాఖ్యాత ధర్మం.

వాన్ రీడ్ సమాధి వద్ద చెప్పవలసిన మరో ముఖ్య విషయం ఉంది. ఆ మహాగ్రంథంలోని విజ్ఞానం ఆయన సొంతం కాదు. మలబారుకు చెందిన ఈళవ వైద్యుడు ఇట్టి అచ్యుతన్, కొంకణి పండితులు రంగ భట్, వినాయక పండిట్, అప్పు భట్ అందించినది. మొక్కలను గుర్తించి, పేర్లు, గుణాలు చెప్పిన ఈ నలుగురి ధ్రువీకరణ పత్రాలు గ్రంథంలోనే అచ్చయ్యాయి. కేరళ వృక్షశాస్త్రవేత్త కె.ఎస్. మణిలాల్ దశాబ్దాల పాటు శ్రమించి ఈ లాటిన్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి, మలయాళంలోకి అనువదించిన తరువాత ఆ పేర్లు మరింత మందికి తెలిశాయి. గుమ్మటాన్ని చూపి డచ్చి అధికారి గొప్పతనంతో ముగిస్తే అది సగం కథ. అచ్యుతన్ పేరు పలికినప్పుడే అది పూర్తవుతుంది.

అడవిలోనూ అదే ప్రశ్న

సూరత్‌కు ఆగ్నేయంగా నవసారి జిల్లాలో వాంస్దా జాతీయోద్యానం ఉంది. పూర్వం వాంస్దా సంస్థానాధీశుల అధీనంలో ఉన్న ఈ అడవిని 1979లో జాతీయోద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 24 చదరపు కిలోమీటర్లే అయినా, వానలు సమృద్ధిగా కురిసే చోటు కావడంతో టేకు, వెదురు దట్టంగా పెరుగుతాయి. ప్రధాన మాంసాహార జంతువు చిరుతపులి. దానిని ఆనుకొని డాంగ్ జిల్లా అడవులు, అందులో పూర్ణా అభయారణ్యం విస్తరించి ఉన్నాయి.

ఈ అడవిని కేవలం చెట్లు, జంతువుల జాబితాగా చెబితే అసలు విషయం చేజారుతుంది. నౌకా నిర్మాణానికి పనికివచ్చే టేకు కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1842 నుంచి డాంగ్ అడవులను స్థానిక భిల్లు పాలకుల వద్ద కౌలుకు తీసుకుంది. ఆ ఒప్పందాల ఫలితంగా ఏర్పడిన భరణాలు నేటికీ కొనసాగుతున్నాయి. ఏటా హోళీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో పూర్వపు రాజుల వారసులను ప్రభుత్వం సత్కరించి వాటిని అందజేస్తుంది. బిలిమోరా నుంచి వఘై వరకు గైక్వాడ్‌ల కాలంలో వేసిన చిన్న రైలుమార్గం సైతం అడవి కలపతో ముడిపడినదే. తీరంలో సూరత్ ఓడల నిర్మాణానికి పేరుమోసిన చోటు. బొంబాయి నౌకానిర్మాణ కేంద్రానికి ఆద్యుడైన లవ్‌జీ నస్సర్‌వాన్‌జీ వాడియా 1736లో వెళ్లింది సూరత్ నుంచే. తీరపు నౌకల కథ, కొండల టేకు కథ వేరువేరుగా చెప్పదగినవి కావు.

పులి విషయం మరింత ఆలోచింపజేస్తుంది. గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో డాంగ్, వాంస్దా అడవుల నుంచి పులి కనుమరుగైంది. కాని ఇక్కడి కుంకణా, వార్లీ, భిల్లు ప్రజలు పూజించే వాఘ్‌దేవుడు మాత్రం ఊరి పొలిమేరల్లో నిలిచే ఉన్నాడు. సూర్యచంద్రులతో పాటు పులిని చెక్కిన చెక్కపలకలే ఆ దేవుని ప్రతిమలు. అడవి పోగొట్టుకున్న దానిని ఊరి ఆచారం గుర్తుంచుకుంది. ఇది ప్రకృతి పాఠమా, సంస్కృతి పాఠమా అని విడదీయలేము. వెదురు బుట్టలు, తట్టలు అల్లి జీవించే కోట్వాలియాలకు ఏ వెదురు ఏ పనికి వస్తుందో తరతరాలుగా తెలుసు. వారి నోట వినవలసిన దానిని మరొకరు కంఠస్థం చేసి చెబితే, అచ్యుతన్ పేరు లేకుండా వాన్ రీడ్ కథ చెప్పినట్లే అవుతుంది.

వ్యాఖ్యాతల సమావేశాలు ఎందుకు

అమెరికాలో రెండు పాత సంఘాల విలీనంతో 1988లో ఏర్పడిన నేషనల్ అసోసియేషన్ ఫర్ ఇంటర్‌ప్రెటేషన్ దేశాన్ని ప్రాంతాలుగా విభజించుకొని ప్రాంతీయ సదస్సులు నిర్వహిస్తుంది. ఈ తరహా సమావేశాలకు జాతీయోద్యానాలు, చారిత్రక స్థలాలు సహజ వేదికలు. నాలుగు గోడల మధ్య వినిపించే ఉపన్యాసంలో లేని పరీక్ష ఆరుబయట ఉంటుంది. అక్కడ గాలి వీస్తుంది, పిల్లలు విసుగు చెందుతారు, చెప్పాలనుకున్న పక్షి ఎగిరిపోతుంది. ఒకరు వివరిస్తుంటే తోటివారు చెట్టును కాక వింటున్నవారి ముఖాలను గమనిస్తారు. ఎక్కడ ఆసక్తి సడలిందో, ఏ మాట అర్థం కాలేదో నడక ముగిశాక నిర్మొహమాటంగా చర్చిస్తారు.

ఇటువంటి కలయికల వల్ల రెండు వర్గాల కొరత తీరుతుంది. పురావస్తు స్థలాల వ్యాఖ్యాతలకు శాసనాలు, తేదీలు తెలిసినా చెట్టుచేమలపై పట్టు తక్కువ కావచ్చు. అటవీ మార్గదర్శకులు అడుగుజాడ చూసి జంతువును చెప్పగలిగినా, అడవి రాజకీయ చరిత్రను వివరించే అవకాశం వారికి దొరకకపోవచ్చు. కోట గురించి చెప్పేవారు అడవిలో నడిచినప్పుడు, అడవి గురించి చెప్పేవారు సమాధుల ఆవరణను చూసినప్పుడు రెండు కథలూ కలుస్తాయి. గుర్తింపు, ఆదాయం, భాష వంటి వృత్తి సమస్యలకు కూడా ఇవే చర్చావేదికలు. వానాకాలంలో ఉద్యానాలు మూతపడితే గైడు సంపాదన ఆగిపోతుంది. స్థానిక యువత ఈ వృత్తిలో నిలవాలంటే శిక్షణతో పాటు నిలకడైన ఆదాయం అవసరం.

తెలుగు నేలకు అన్వయం

సూరత్ కథ తెలుగువారికి దూరమైనది కాదు. 17వ శతాబ్దంలో సూరత్ నుంచి గోల్కొండకు వెళ్లే బాటలను ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథంలో మజిలీలతో సహా వర్ణించాడు. ఆంగ్లేయులు సూరత్ కంటె ముందే 1611లో మచిలీపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నారు. మచిలీపట్నం వద్ద కూడా పురావస్తు శాఖ రక్షణలో డచ్చి సమాధులు ఉన్నాయి. నేడు సూరత్ మరమగ్గాలపై పనిచేసే వేలాది తెలుగువారిలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎక్కువ. నగర చరిత్రను వారి భాషలో వినిపించడం కూడా వ్యాఖ్యాన పరిధిలోని పనే.

వాన్ రీడ్ తరువాత నూరేళ్లకు సామర్లకోటలో విలియం రాక్స్‌బరో సాగించిన వృక్ష పరిశోధన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడింది. మొక్కల తెలుగు పేర్లను ఆయన నమోదు చేశాడు. కాని ఆ బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారుల పేర్లు సామాన్య పాఠకులకు చేరలేదు. మలబారు గ్రంథం తన సహాయకుల పేర్లు అచ్చువేస్తే, కోరమాండల్ గ్రంథం విషయంలో ఆ లోటు మిగిలింది.

హైదరాబాద్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానంలో చిరాన్ ప్యాలెస్, దాని చుట్టూ దక్కను పీఠభూమి సహజ వృక్షసంపద పక్కపక్కనే ఉన్నాయి. ప్రకృతి, వారసత్వ వ్యాఖ్యానాలను కలిపి సాధన చేయడానికి ఇది అనువైన చోటు. నల్లమలలో అటవీ శాఖ రక్షణ బృందాల్లో పనిచేస్తున్న చెంచులకు అడుగుజాడలు, తేనె, దుంపలు, మూలికల గురించిన పరిజ్ఞానం అపారం. వారిని సమాచారం ఇచ్చేవారిగానే ఉంచాలా, తమ అడవి గురించి తామే మాట్లాడే వ్యాఖ్యాతలుగా ముందు నిలపాలా అన్నదే శిక్షణ కార్యక్రమాలు తేల్చుకోవలసిన ప్రశ్న.

1670వ దశకంలో ఒక వలస వర్తక సంస్థ అధికారి రూపొందించిన గ్రంథంలో మలబారు వైద్యుని పేరు అతని సాక్ష్యంతో సహా చోటు చేసుకుంది. మూడున్నర శతాబ్దాల తరువాత జాతీయోద్యానాల్లో, స్మారక కట్టడాల వద్ద సాగుతున్న వ్యాఖ్యానానికి కనీస ప్రమాణం అంతకంటె తక్కువ కారాదు.