పాత సర్వర్ల ఆయుర్దాయము

1969వ సంవత్సరమున, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట రాకెట్టు కేంద్రమునకై ఎంపికైనది. ఆ యేడే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, ఎవరికిని అంతగా అక్కరలేక పడియున్న పి.డి.పి.-7 అను కంప్యూటరుపై యూనిక్సు అను నిర్వహణ వ్యవస్థకు శ్రీకారము చుట్టెను. పాత యంత్రములతో ఆ వంశమునకు చుట్టరికము పుట్టుకతోనే వచ్చినది.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ యూనిక్సు పోలికలో లినక్సును వ్రాసి, దాని మూలపాఠమును ఎల్లరకును వెల్లడించెను. కార్యాలయములు తీసివేసిన సర్వర్లకు ఇదియే ఊపిరి. తయారుదారు చేయి విడిచినను, నేర్చినవాడు దిద్దుకొనవచ్చును గదా!

అయినను చిక్కులు లేకపోలేదు. 2019లో రెడ్ హ్యాట్ సంస్థ తన లినక్సు ఎనిమిదవ కూర్పునుండి అనేక పాత డిస్కు కంట్రోలర్ల డ్రైవర్లను తొలగించినది. (సంస్థను నిందింపనక్కరలేదు, పాత పరికరములన్నింటిని పరీక్షించుచుండుట వ్యయముతో కూడిన పని.) యంత్రము చెడలేదు; డిస్కులు తిరుగుచునే యున్నవి; కాని కొత్త కూర్పునకు అవి కానరావు. మూలపాఠము బహిరంగమగుటచే ఎల్‌రెపో అను స్వచ్ఛంద బృందము ఆ డ్రైవర్లను మరల కూర్చి యిచ్చినది.

ఐటేనియమునకు ఆ భాగ్యము పట్టలేదు. 2001లో ఆర్భాటముగా వెలువడిన ఈ ఇంటెల్ ప్రాసెసరును పోషించువారు కరవై, 2024 జనవరి నాటి లినక్సు 6.7 కెర్నెల్‌నుండి దానిని తొలగించిరి.

నెల్లూరు తీరమున పాత సర్వరును నిలుపగోరువారు మొదట కంట్రోలరు పేరు చూచుకొనవలెను. పిదప కరెంటు ఖర్చును, ఉప్పుగాలిని లెక్కింపవలెను. డ్రైవరు ఎక్కడనో దొరకును గాని, త్రుప్పుపట్టిన బోర్డునకు లినక్సులో మందు లేదు.