విత్తనమే మూలపత్రం: అమెరికా పెరటి టమాటాల చరిత్ర

1990లో అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త క్రెయిగ్ లెహూలియర్‌కు టపాలో ఒక చిన్న విత్తనాల పొట్లం అందింది. దానిని పంపినవారు టెన్నెసీ రాష్ట్రానికి చెందిన ఒక గృహస్థు. సుమారు నూరేళ్ల క్రితం చెరోకీ జాతివారి నుండి తమ పొరుగు కుటుంబానికి ఈ ఊదారంగు టమాటా సంక్రమించిందని ఆయన ఉత్తరంలో వ్రాశారు. అప్పటికి ఆ విత్తనానికి పేరు లేదు. లెహూలియర్ దానిని పండించి చూసి 'చెరోకీ పర్పుల్' అని నామకరణం చేశారు. నేడు అది అనేక దేశాల పెరటి తోటలలో కాస్తున్నది. అయితే దాని పుట్టుపూర్వోత్తరాలకు ఆ ఒక్క ఉత్తరమే సాక్ష్యం. శాసనాలు, దస్తావేజులు పరిశీలించడానికి అలవాటుపడిన చరిత్రకారునికి ఇటువంటి వస్తువు కొంత ఇబ్బంది కలిగిస్తుంది. ఇక్కడ మూలపత్రం విత్తనమే. దానిని ఏటేటా తిరగ వ్రాసిన లేఖకులు గృహిణులు, వృద్ధులు, చిన్న రైతులు.

టమాటా జన్మస్థానం దక్షిణ అమెరికా పడమటి ప్రాంతం. దానిని పెంచి పెద్దచేసినది మెక్సికో ప్రజలు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి వెంట అది ఐరోపా చేరింది. 1544లో ఇటలీ వైద్యుడు మత్తియోలి దానిని వర్ణించాడు. భారతదేశానికి వచ్చినప్పుడు జనం దానిని వంగ, ములక జాతులకు చుట్టంగా గుర్తించారు. బెంగాలీలు 'బిలాతీ బేగున్' అన్నారు. తెలుగువారు 'రామములగ' అన్నారు.

అడవి టమాటాలో గింజలుండే అరలు రెండే. సాగులో అనాదిగా జరిగిన ఎంపిక వల్ల కొన్ని రకాలలో ఈ అరలు పెరిగి, గింజ, రసం తగ్గి, కండ పుష్కలమైంది. అడ్డంగా కోసిన చక్రం దళసరి మాంసపు ముక్కను తలపించడం చేత వీటికి 'బీఫ్‌స్టేక్' అనే పేరు వచ్చింది. కాయ అరకిలో తూగడం సాధారణం. కొన్ని కిలో వరకూ పెరుగుతాయి. తోలు పలుచన, కాపు ఆలస్యం, తొడిమ దగ్గర పగుళ్లు. లారీ ప్రయాణానికి ఇవి తగవు.

విపణికి కావలసినది వేరు. ఒహాయో రాష్ట్రంలో అలెగ్జాండర్ లివింగ్‌స్టన్ ఏళ్ల తరబడి శ్రమించి, గాట్లు లేని, నున్నని, ఒకే తీరు కాయలు కాసే 'పారగాన్'ను 1870లో విడుదల చేశాడు. 1949లో బర్పీ సంస్థ 'బిగ్ బాయ్' అనే సంకర వంగడాన్ని తెచ్చింది. సంకర వంగడం గింజ దాచి నాటితే తల్లి గుణం నిలువదు. ప్రతి ఏటా కొనవలసిందే. ఇక కాయ అంతా ఒకేసారి ఎర్రబడే గుణాన్ని 20వ శతాబ్దంలో చాలా వ్యాపార వంగడాలలో చొప్పించారు. ఆ గుణం పచ్చికాయలో హరితాన్ని, తద్వారా పండులో చక్కెరను తగ్గిస్తుందని 2012లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. పాత వంగడాల భుజాలపై ఆకుపచ్చ మచ్చను వెక్కిరించినవారు నిజానికి రుచినే వెక్కిరించారన్నమాట.

విపణి విడిచిన వాటిని పెరళ్లు కాపాడాయి. వెస్ట్ వర్జీనియాలోని లోగన్‌లో ఎం.సి. బైల్స్ అనే మరమ్మతుదారు ఉండేవాడు. నిటారైన కొండదారి పాదాన వేడెక్కి ఆగిపోయిన లారీల రేడియేటర్లు బాగుచేయడం ఆయన వృత్తి. అందుకే ఊరివారికి 'రేడియేటర్ చార్లీ'. ఆయన 'జర్మన్ జాన్సన్' మొక్కను నడుమ నాటి, చుట్టూ ఇతర పెద్దకాయ రకాలను పెంచి, పసిపిల్లల చెవులు శుభ్రపరిచే రబ్బరు పిచికారీతో పుప్పొడి చేరవేశాడు. ఏళ్ల ఎంపిక తరువాత స్థిరపడిన వంగడపు నారును మొక్క ఒక్కొక్క డాలరుకు అమ్మి, ఆరేళ్లలో 6,000 డాలర్ల ఇంటి తాకట్టు తీర్చాడట. దానికి 'మార్ట్‌గేజ్ లిఫ్టర్' అనే పేరు అలా వచ్చింది. అదే రాష్ట్రంలో మరొక కుటుంబం కూడా ఇదే పేరుగల తమ టమాటా ముందరిదని చెప్పుకుంటుంది. రెండూ నిజం కావచ్చు: తాకట్టు బాధ ఒక్క ఇంటిది కాదు గదా.

'బ్రాండీవైన్' చిక్కు ఇంతకంటె లోతైనది. రుచిలో ఉత్తమమని తోటమాలులు మెచ్చే ఈ గులాబీ రంగు పండు, బంగాళాదుంప ఆకును పోలిన ఆకుగల మొక్కకు కాస్తుంది. అమిష్ సమాజం 1885 నుండి దీనిని పెంచిందని విత్తన జాబితాలు చాలాకాలం వ్రాశాయి. కాని ఫిలడెల్ఫియాలోని జాన్సన్ అండ్ స్టోక్స్ సంస్థ 1889లో ఈ పేరుతో వెలువరించినది ఎర్రని పండు. ఆకు మామూలు ఆకే. నేటి గులాబీ బ్రాండీవైన్ ఒహాయోలోని వృద్ధ విత్తన సంరక్షకుడు బెన్ క్విజెన్‌బెరీ చేతుల మీదుగా 1980ల ప్రాంతంలో వెలుగులోకి వచ్చింది. దానిని ఎనభై ఏళ్లకు పైగా పెంచామన్న ఒక కుటుంబం నుండి ఆయనకు లభించింది. పేరుకు అచ్చు ఆధారం ఉన్నది, పండుకు లేదు. పండుకు కుటుంబం ఉన్నది, పేరుకు లేదు. ఒకే పేరు కింద రెండు చరిత్రలను కలిపివేయడం రాజవంశాల విషయంలోనూ జరిగిన పొరపాటే.

ఈ చిక్కుముడులు విప్పే అవకాశం కల్పించినది 1975లో డయాన్ ఆట్ వీలీ, కెంట్ వీలీ దంపతులు స్థాపించిన విత్తన సంరక్షకుల సంఘం. డయాన్ తాత తమ కుటుంబం 19వ శతాబ్దం చివర బవేరియా నుండి తెచ్చుకున్న పూలతీగ విత్తనాన్నీ, 'జర్మన్ పింక్' టమాటా విత్తనాన్నీ ఆమెకు అప్పగించాడు. తాత వెళ్లిపోతే విత్తనమూ వెళ్లిపోయేదన్న గ్రహింపే ఆ సంఘానికి పునాది. సభ్యులు తమ వద్ద ఉన్న విత్తనాల జాబితా వెలువరించి పరస్పరం పంచుకుంటారు. అయోవాలోని డెకోరా సమీపంలో ఈ సంఘానికి క్షేత్రమున్నది; 2008లో ప్రారంభమైన స్వాల్బార్డ్ హిమభాండారంలోనూ ఇది విత్తనాలు భద్రపరచింది.

భారతదేశంలో 2001 నాటి మొక్కల వంగడాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం విత్తనం దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును రైతుకు ఉంచింది. రైతుల వంగడాలను ప్రత్యేక వర్గంగా గుర్తించింది. తెలుగు అంగళ్లలో సంకరం కానిదానినంతా 'నాటు టమాటా' అంటారు. గాట్లు పడిన, పులుపెక్కువైన ఆ కాయను పప్పులోకీ పచ్చడిలోకీ ఏరి కొనేవారున్నారు. బ్రాండీవైన్‌కు ఒక పేరు మీద రెండు చరిత్రలుంటే, ఇక్కడ ఒక్కొక్క పెరటి విత్తనమూ తన ఊరినీ ఇంటినీ విడిచి 'నాటు' అన్న ఆ ఒక్క మాటలో కలిసిపోతున్నది.