నీటి వంతులు నేర్పిన పరిపాలనాశాస్త్రము

పరిపాలన యనగానే మనకు కచేరీలును, దస్త్రములును, పై యధికారుల తనిఖీలును మనస్సునకు వచ్చును. పరిపాలనాశాస్త్రజ్ఞులలో పెక్కురు వానినే పరిశీలించిరి. చెఱువుగట్టు మీదను, కాలువ తూము కడను జరుగు వ్యవహారము కూడ పరిపాలనయే యని నిరూపించిన విదుషీమణి ఎలినార్ ఆస్ట్రమ్. అమెరికా దేశస్థురాలగు నామె జీవితమును, కృషిని గూర్చి నేడు మనవి చేయదలచితిని. ఊరిలో నలుగురికి తీర్పు చెప్పు పెద్దలు వినదగిన చరిత్ర మిది.

ఆమె 1933 ఆగస్టు 7వ తేదీన లాస్ ఏంజిలిస్ నగరమున జన్మించెను. అవి ఆ దేశమున ఆర్థికమాంద్యపు దినములు. పెరటిలో కూరగాయలు పండించుకొని కాలము గడపిన సామాన్య కుటుంబము వారిది. ఆ కాలమున ఆడపిల్లలను గణితమువైపు ప్రోత్సహించువారు తక్కువ. త్రికోణమితి చదువలేదను కారణముచే విశ్వవిద్యాలయమువా రామెను అర్థశాస్త్ర పరిశోధనమున చేర్చుకొనరైరి. చేయునది లేక రాజనీతిశాస్త్రమున చేరెను. ఆమెకే 2009లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమాన మిచ్చిరి. ఆ శాస్త్రమున దాని నందుకొన్న స్త్రీలలో ఆమెయే మొదటిది!

విన్సెంట్ ఆస్ట్రమ్ అను ఆచార్యుడు నడపిన గోష్ఠిలో ఆమెకు పరిశోధనాంశముగా లభించినది లాస్ ఏంజిలిస్ తీరప్రాంతపు భూగర్భజలము. అచ్చట ఎవరికి వారే బావులు త్రవ్వి నీరు తోడుకొనుచుండిరి. తోడినకొలదియు సముద్రపు టుప్పునీరు భూమిలోనికి చొచ్చుకొని వచ్చెను. ఒకడు మానుకొన్నను తక్కినవారు మానరు గదా! అయినను వారు సంఘముగా కూడి, న్యాయస్థానము నాశ్రయించి, ఎవరెంత తోడవలయునో ఒడంబడిక చేసికొనిరి. తీరము వెంబడి బావులలోనికి మంచినీటిని పంపి ఉప్పునీటికి అడ్డుకట్ట వేయించిరి. ఈ వృత్తాంతమును వ్రాసి ఆమె 1965లో డాక్టరు పట్టము పొందెను. అంతకు రెండేండ్ల ముందే విన్సెంటును వివాహమాడెను. పిదప దంపతు లిరువురును ఇండియానా రాష్ట్రమందలి బ్లూమింగ్‌టన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. భర్త ఆచార్యపదవిలో చేరెను. ఆమెకు దొరకినది ఉదయము ఏడున్నరకు పాఠము చెప్పు చిన్న యుద్యోగము.

1968లో గ్యారెట్ హార్డిన్ అను జీవశాస్త్రజ్ఞు డొక వ్యాసము వ్రాసెను. ఊరుమ్మడి బీడున ప్రతివాడును తన పశువులను పెంచుకొనుచు పోవును, తుదకు బీడు నాశనమగును, దానికి ప్రభుత్వము చేయి చేసికొనుటయో, పంచి సొంతము చేయుటయో తప్ప దారి లేదని దాని సారాంశము. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చునని మనవారు నన్నారు. కాని సామెత చెప్పినంతమాత్రమున మనవారు చెఱువులను విడిచిపెట్టలేదు. ఎలినార్ ఆస్ట్రమ్ వేసిన ప్రశ్నయు నట్టిదే. ఉమ్మడి సొత్తు తప్పక నశించుట నిజమైనచో, వందల యేండ్లుగా నిలిచినవి ఎట్లు నిలిచినవి?

అందులకై ఆమె లోకమున పలుతావుల నుండి వృత్తాంతములు సేకరించి 1990లో ఒక గ్రంథము ప్రకటించెను. స్విట్జర్లాండు కొండలలోని టోర్బెల్ గ్రామమున, చలికాలమున ఎన్ని యావులకు మేత పెట్టగలరో అన్నిటినే వేసవిలో ఉమ్మడి బీడునకు తోలవలయునని 1517 నుండి కట్టడి కలదు. మీఱినవానిని పట్టుకొన్న గ్రామాధికారికి జరిమానాలో సగము చెందెడిది. అధికారి నిద్రపోకుండుటకు ఇంతకంటె మంచి ఉపాయ మేమి కలదు! స్పెయిను దేశపు వలెన్సియాలో ప్రతి గురువారము దేవాలయద్వారము కడ రైతుల నీటి న్యాయసభ కూడును. వకీళ్లు లేరు, కాగితపు వ్యాజ్యము లేదు. నోటిమాటతో విచారించి అప్పుడే తీర్పు చెప్పుదురు.

ఆమె నేపాళదేశమున చూపిన విషయము నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది. ఆమెయు, సహచరులును అచ్చటి కాలువలను నూటికి పైగా పోల్చి చూచిరి. ప్రభుత్వమువారు సిమెంటుతో కట్టించిన ఆనకట్టలున్న చోట్ల కంటె, రైతులు రాళ్లతోను, మట్టితోను కట్టుకొన్న చోట్లనే చివరి పొలములకు నీరు బాగుగా అందుచుండెను. కారణ మేమి? మట్టికట్ట ఏటేట కొట్టుకొనిపోవును. దానిని మరల కట్టుటకు ఎగువరైతునకు దిగువరైతుల రెక్కలు కావలయును. రెక్కలు కావలసినపుడు వారికి నీరును ఇయ్యక తప్పదు. సిమెంటుకట్ట వచ్చినంతనే ఆ యక్కఱ తీరినది. ఎగువవాడు దిగువవాని మాట వినుట మానెను. సిమెంటు చెడ్డదని కాదు; కట్టతో పాటు కట్టుబాటు కొట్టుకొనిపోవుటను ఇంజనీర్లు చూడలేదు.

మన కర్నూలు జిల్లాయు ఈ చరిత్రలో చేరినది. రాబర్ట్ వేడ్ అను పండితుడు అచ్చటి కాలువక్రింది గ్రామములను పరిశీలించి 1988లో గ్రంథము వ్రాసెను. కొన్ని గ్రామములవారు ఏ చట్టమును చెప్పకుండగనే ఉమ్మడి నిధి యేర్పరచుకొని, నీరు పంచుటకు నీరుగంట్లను, పైరు కాచుటకు కావలివారిని నియమించుకొనిరి. నీటి కరవు మిక్కుటమైన దిగువ గ్రామములలోనే ఇది ఎక్కువ. ఎగువవారికి అంత యక్కఱ లేకపోయెను. ఆస్ట్రమ్ తన గ్రంథమున వేడ్ పరిశోధనమును పేర్కొనెను.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము చేసి నీటి వినియోగదారుల సంఘములను స్థాపించినది. ఆ సంఘములలో పనిచేసినవారు మీలో నుందురు. వంతుల కట్టడిని మీరే చేసికొంటిరో, పైనుండి వచ్చిన కాగితమును చదివితిరో మీకే తెలియును. ఆస్ట్రమ్ దృష్టిలో ఈ భేదమే ముఖ్యము. పొలిమేర తెలియవలయును, నియమమును పాటించువారే దానిని చేయవలయును, కావలివాడు వారికి జవాబుదారి కావలయును, తొలి తప్పునకు చిన్న జరిమానాయే చాలును. నిలిచిన చోట్ల ఆమెకు కనిపించిన లక్షణములలో ఇవి కొన్ని. చెడిన చోట్లను ఆమె దాచలేదు. సింహళమునందలి కిరిందిఓయ కాలువ వ్యవహారమును అట్టివానిలో నొకటిగా వ్రాసెను. రైతులకు విడిచిపెట్టిన నన్నియు బాగుపడునని ఆమె యెన్నడును చెప్పలేదు.

బహుమానపు సొమ్మును ఆమె తాము 1973లో స్థాపించిన పరిశోధనాలయమునకే ఇచ్చెను. 2012 జూన్ 12వ తేదీన మరణించెను. పదునేడు దినములకు విన్సెంటును కాలము చేసెను. ఆ పరిశోధనాలయమునకు వారు పెట్టిన పేరు కార్యశాల. దంపతు లిరువురు నొక వడ్రంగివద్ద పని నేర్చి తమ యింటి బల్లలను తామే చేసికొనిరి. గురువు ప్రక్కన నిలిచి శిష్యుడు ఉలి పట్టినట్లు విద్యార్థులును తమతో కూడ పనిచేయుచు నేర్వవలయునని ఆ పేరు పెట్టిరట.