రెండు సూర్యోదయాల ప్రయాణం

రెండు ఊళ్ళ మధ్య దూరం ఎంత అని ఫోన్‌ని అడిగితే రెండు అంకెలు చెబుతుంది: ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు. మొదటిది భూగోళం లెక్క. రెండోది మాత్రం పూర్తిగా చరిత్ర లెక్క.

శ్రీలంక దక్షిణ తీరంలో గాలె దగ్గర కొగ్గల అనే ఊరుంది. పక్కనే ఓ సరస్సు. అక్కణ్ణించి ఆస్ట్రేలియా పడమటి అంచున ఉన్న పెర్త్‌కి తిన్నగా ఎగిరితే సుమారు 5,650 కిలోమీటర్లు. దారంతా హిందూ మహాసముద్రమే. ఇవాళ్టి జెట్ వేగంతో లెక్కేస్తే ఏడు గంటలు. 1943లో అదే దూరానికి 27 నుంచి 33 గంటలు పట్టేది.

అంత కష్టపడి ఎందుకు ఎగిరారు? అంతకుముందు లండన్ నుంచి ఆస్ట్రేలియాకి విమానాలు సింగపూర్ మీదుగా, మజిలీలు చేసుకుంటూ వెళ్ళేవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. దారి తెగిపోయింది. అదే ఏప్రిల్ 4న కొగ్గల నుంచి గస్తీకి వెళ్ళిన లెనర్డ్ బర్చల్ అనే కెనడా పైలట్ జపాన్ నౌకాదళాన్ని చూసి కబురు పంపాడు. మర్నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. ఆ మర్నాడు, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నం, కాకినాడల మీద. ఈ సముద్రం మనకి ఎంత దగ్గరో ఆ మూడు రోజులే చెబుతాయి.

తెగిన దారిని మళ్ళీ కలిపింది క్వాంటాస్ నడిపిన ఐదు కాటలీనా విమానాలు. నీళ్ళ మీద దిగే రకం, గంటకి రెండొందల కిలోమీటర్ల వేగం. వాటికి నక్షత్రాల పేర్లు పెట్టారు: ఆల్టేర్, వేగా, రైజెల్, అంటారెస్, స్పైకా. పేర్లు ఊరికే పెట్టినవి కావు. శత్రువు పసిగడతాడని రేడియోలో నోరు మెదపకూడదు కాబట్టి, రాత్రిపూట దారి చూపాల్సింది నిజంగా ఆ నక్షత్రాలే. బరువంతా ఇంధనానిదే కావడంతో ప్రయాణికులు ముగ్గురికి మించకూడదు. ఉత్తరాలు 69 కిలోలు. ఆ కాస్త చోటులో ఎక్కువ ఉత్తరాలు పట్టాలని వాటిని మైక్రోఫిల్మ్‌గా మార్చేవారు.

రోజు గడిచినా ప్రయాణం అయ్యేది కాదు. గాల్లోనే రెండుసార్లు తెల్లవారేది. అందుకే దానికి 'డబుల్ సన్‌రైజ్' అని పేరొచ్చింది. ప్రయాణికులకి ఆ పేరుతో ఓ సర్టిఫికెట్ కూడా ఇచ్చేవారు. 1945 జులై దాకా 271 సార్లు సముద్రం దాటారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. యుద్ధం అయ్యాక ఆ విమానాలని మాత్రం సముద్రంలో ముంచేశారు. అమెరికా అరువిచ్చిన సరుకు కదా, ఒప్పందం అలాంటిది.

2018 మార్చిలో అదే పెర్త్ నుంచి లండన్‌కి మధ్యలో ఎక్కడా ఆగని విమానం మొదలైంది. దాదాపు 14,500 కిలోమీటర్లు, పదిహేడు గంటలు. కాటలీనా సగం దారి దాటే వ్యవధి కంటే కొద్దిగా ఎక్కువ, అంతే.

ఇప్పుడు మనవాళ్ళు విమానం ఎక్కితే ఇంట్లో కూచుని, తెరమీద చుక్క కదలడం చూస్తూ ఉంటాం. అది కాసేపు ఆగితే కంగారు పడతాం. అప్పుడు కొగ్గలలోనూ పెర్త్‌లోనూ ఎదురుచూసినవాళ్ళకి విమానం కంటపడేదాకా ఏ కబురూ లేదు. ముప్ఫై గంటలంటే వాళ్ళకి ప్రయాణ సమయం కాదు, ఏమీ తెలియకుండా ఉండాల్సిన సమయం.