దుగ్గిరాల పసుపు: కోడు ఒకటే, సర్వర్ వేరు

ఐటీ జనానికి ఇప్పుడు పసుపు అంటే కర్క్యుమిన్ మాత్ర. సీసా మీద "95 శాతం" అని ఉంటుంది. అది ఫ్యాక్టరీలో తీసిన సారం లెక్క, దుంప లెక్క కాదు. వ్యాపారులు "మద్రాసు పసుపు" అని పిలిచే సరుకులో కర్క్యుమిన్ మూడున్నర శాతం చుట్టుపక్కల ఉంటుంది. కేరళలో తొడుపుళ, మూవాట్టుపుళ వైపు పండే "అలెప్పీ పసుపు"లో ఐదారు శాతం ఉంటుంది. ఈ అంకెలు చూసి మన గుంటూరు పసుపు నాసిరకం అని తేల్చేసేవాళ్ళు తగులుతుంటారు. మాది తెనాలి వైపు కాబట్టి నాకు కాస్త మండుతుంది.

ముందు ఆ పేరు సంగతి. మద్రాసులో పసుపు పండదండీ! గుంటూరు, కడప, రాజమండ్రి, సేలం సరుకంతా కలిపి విదేశాల్లో ఆ రేవు పేరుతో చెలామణీ అయింది. అలెప్పీ కథా అంతే, అదీ రేవు పేరే. పండించిన ఊరి పేరు మాత్రం గల్లంతు.

ఇక దుంప సంగతి. పసుపులో క్రోమోజోములు మూడు సెట్లుగా, మొత్తం 63 ఉంటాయి. అందుకే సరిగ్గా విత్తనం కట్టదు. దుంప ముక్కే విత్తనం. అంటే తరతరాలుగా కాపీ, పేస్ట్ అన్నమాట. కోడు మారదు, అది నడిచే చోటు మారుతుంది. కోజికోడ్ లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ 1996లో ఇచ్చిన "ప్రతిభ" రకంలో కర్క్యుమిన్ 6 శాతం పైనే. అదే దుంపని వేరే నేలలో, వేరే ఎండలో వేస్తే ఆ అంకె మారిపోతుంది. మన దగ్గర బాగా నడిచిన ప్రోగ్రాం క్లయింటు దగ్గర మొరాయించడం మనకి కొత్తా?

మరి దుగ్గిరాల "సర్వర్" ఎలా తయారైంది? 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. పడమటి కాలవ దుగ్గిరాల మీదుగా పారింది. మన రకాల్లో కోనసీమ కస్తూరి పసుపు ఏడు నెలల పంట, కేసరి ఎనిమిది, దుగ్గిరాల తొమ్మిది. తొమ్మిది నెలలు నేలలో ఉండే దుంపకి మెత్తటి ఒండ్రు నేలా, ఆగకుండా తడీ కావాలి. ఆ నీళ్ళు నిలిస్తే మాత్రం దుంపకుళ్ళు. కొల్లూరు, కొల్లిపర లంకల్లో రైతు బతుకంతా ఈ రెంటి మధ్యే. 2009 అక్టోబరు వరదలోనూ, బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన 2024 సెప్టెంబరు వరదలోనూ లంకల్లో పసుపు రోజుల తరబడి నీళ్ళలో నానింది. ఒండ్రు ఇచ్చేదీ ఆ నదే, దుంప కుళ్ళబెట్టేదీ ఆ నదే.

దుగ్గిరాల నుంచి సుమారు 50 కిలోమీటర్లు దక్షిణంగా వెళితే బాపట్ల. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు, మనం తినే సాంబ మసూరి (బీపీటీ 5204) పుట్టిన ఊరు. అయినా సముద్రం వైపు ఇసక నేలల్లో జీడిమామిడి, వేరుశనగే కనిపిస్తాయి, పసుపు కాదు. ఎంత చదువున్నా ఇసకలో తడి నిలబెట్టలేం కదా.

(మధ్యలో ఓ మాట. మొహానికి రాసుకునే "కస్తూరి పసుపు", అంటే అడవి పసుపు, వేరే జాతి. దాంట్లో కర్క్యుమిన్ తక్కువ, వాసన నూనెలు ఎక్కువ. ఆ పేరుతో కొట్లో అమ్మేది చాలాసార్లు అదీ కాదు, కచోరాల దుంప పొడి.)

ఇప్పుడు నా అసలు గొడవ. పాత కొనుగోలుదారు కొమ్ము పొడవు చూశాడు, రంగు చూశాడు, విరిచి టక్కుమంటుందా లేదా విన్నాడు. రైతు దానికి తగ్గట్టే పండించాడు, వండాడు, ఎండబెట్టాడు, మెరుగు పెట్టాడు. ఇప్పుడు మందుల కంపెనీ వచ్చి కర్క్యుమిన్ ఎంత అని అడుగుతోంది. స్పెసిఫికేషన్ మార్చింది కొనేవాడు, తిట్లు మాత్రం రైతుకి!

2025 జనవరిలో నిజామాబాద్ లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మంచిదే. కానీ యార్డులో వేలానికి ముందే ప్రతి లాటుకీ కర్క్యుమిన్ కొలిచి, ఆ కాగితం రైతు చేతికివ్వాలి. ఏ పొలంలో, ఏ నెలలో తవ్విన దుంపకి ఎంత వచ్చిందో నాలుగేళ్ళు రాసిపెడితే చాలు. మూడున్నర శాతంలో రకం వాటా ఎంతో, నేల వాటా ఎంతో, తవ్వకం తొందర వాటా ఎంతో అప్పుడు విడదీయొచ్చు. మనం రోజూ చూసే లాగ్ ఫైల్ కంటే కష్టమేమీ కాదది.